కంచంలో గింజకు తోడెవరు?

గత శతాబ్దంలో తెలుగునేల మీద రెండు జబ్బులు రెండు గింజల వెంట నడిచాయి. కోస్తా జిల్లాల్లో మిల్లు పట్టిన తెల్లబియ్యమే ఆధారంగా బతికినవారికి కాళ్లు తిమ్మిరెక్కేవి, ఒళ్లు ఉబ్బేది, గుండె నీరసించి ప్రాణం పోయేది. అది బెరిబెరి. దక్కన్ పీఠభూమిలో పొద్దూమాపూ జొన్నరొట్టె, జొన్న గటక తప్ప మరొకటి ఎరగని పేదలకు ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, చివరకు మతి చెదిరేది. అది పెల్లాగ్రా.

ఒకటి తెల్లన్నంతో వచ్చిన జబ్బు, మరొకటి జొన్నకూడుతో వచ్చిన జబ్బు. ఈ రెండింటినీ కళ్లారా చూసిన తరం దాదాపుగా వెళ్లిపోయింది. ఆ తరంతోపాటు ఆ జబ్బులు నేర్పిన పాఠమూ మన జ్ఞాపకంలోంచి జారిపోయింది. ఇవాళ నలుగురు కూడినచోట తిండి మాట వస్తే చాలు, అన్నం తింటే షుగర్ ఖాయమని ఒకరు, కొర్రలు తింటే షుగరే పోతుందని ఇంకొకరు, రాత్రికి చపాతీలు తింటే సరిపోతుందని మరొకరు తీర్పులు చెప్పేస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ చర్చ మరింత వేడెక్కింది. ఒకప్పుడు పేదల తిండిగా చిన్నచూపు చూసిన కొర్రలు, సామలు, అరికెలు పట్టణాల దుకాణాల్లో సన్నబియ్యం ధరను దాటి అమ్ముడవుతున్నాయి.

చిరుధాన్యాలకు గౌరవం దక్కడం సంతోషించవలసిన విషయమే. కానీ ఒక గింజను దేవుణ్ని చేసి మరో గింజను దయ్యాన్ని చేసే ధోరణి మన ఆరోగ్యానికి మేలు చేయదు. ఏ గింజ గొప్పదని అడిగే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఆ గింజ మీది పొర ఎంత మిగిలింది? కంచంలో దాని పక్కన ఏముంది? రోజుకు ఎంత తింటున్నాం? బెరిబెరి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పింది. పెల్లాగ్రా రెండో ప్రశ్నకు జవాబు చెప్పింది. మూడో ప్రశ్నకు జవాబు ఇప్పుడు ఇంటింటా కనబడుతున్న మధుమేహం చెబుతోంది.

తవుడుతో పాటు పోయింది ఏమిటి?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే బియ్యంతో ముడిపడి ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన విభాగాన్ని మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అంటే దేశానికి ఏం తినాలో చెప్పే సంస్థ తన తొలి పాఠాన్ని బియ్యపు గింజ దగ్గరే నేర్చుకుంది.

ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు. అదే ప్రెసిడెన్సీలో తమిళ, మలయాళ ప్రాంతాల్లోనూ జనం బియ్యమే తినేవారు. అయినా అక్కడ ఆ జబ్బు అంతగా లేదు. తేడా ఎక్కడుందని వెతికిన పరిశోధకులకు జవాబు గింజలో కాక, గింజను సిద్ధం చేసే పద్ధతిలో దొరికింది. అక్కడ ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే పైపొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగి నిలుస్తుంది. మనవాళ్లు పచ్చి వడ్లనే మిల్లుకు పంపి, తవుడంతా తీయించి, తెల్లగా మెరిసే బియ్యం తిన్నారు. పైగా బియ్యాన్ని నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి పారబోసేవారు. మిల్లులో మిగిలిన కాస్త విటమిన్ కూడా అలా నీళ్లపాలయ్యేది.

రోటిలో దంచుకున్నంత కాలం బియ్యం మీద తవుడు కొంతైనా మిగిలేది. మిల్లు వచ్చాక అది పోయింది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక పట్టికల ప్రకారం వంద గ్రాముల ముడి బియ్యంలో బి1 విటమిన్ సుమారు 0.27 మిల్లీగ్రాములు ఉంటే, పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో మిగిలేది 0.05 మాత్రమే. అయిదింట నాలుగు వంతులు తవుడుతోనే వెళ్లిపోయాయన్నమాట. ఉప్పుడు బియ్యంలో 0.17 దాకా నిలుస్తుంది. ఒకే వడ్ల గింజ మూడు రకాలుగా ఆడితే మూడు రకాల తిండి అవుతోంది. అలాంటప్పుడు బియ్యం మంచిదా, చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. ఏ బియ్యం అని అడగాలి.

జొన్న చెప్పిన పాఠం

చిరుధాన్యాల గురించి మాట్లాడేవారు చాలామంది దాటేసే అధ్యాయం పెల్లాగ్రా. దాన్ని దాచడం వల్ల జొన్నకు మేలు జరగదు. నిజం చెబితేనే జొన్న విలువ సరిగ్గా తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న పిండి మీదే బతికిన పేదలను పెల్లాగ్రా పీడించింది. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు అది అంటువ్యాధి కాదనీ, తిండిలో లోపమనీ పట్టుదలగా నిరూపించారు. ఆ లోపం నియాసిన్ అనే బి విటమిన్‌దని తర్వాత తేలింది. ఇదే మొక్కజొన్నను వేల ఏళ్లుగా తిన్న మెక్సికో మూలవాసులకు మాత్రం ఈ బాధ లేదు. వారు గింజలను సున్నపునీళ్లలో ఉడికించి రుబ్బేవారు. దానివల్ల గింజలో బిగిసివున్న నియాసిన్ విడివడి ఒంటికి పట్టేది. మొక్కజొన్న సముద్రాలు దాటింది గానీ ఆ వంట విద్య దాని వెంట రాలేదు.

మన దక్కన్‌లో మొక్కజొన్న కాదు, జొన్న తినేవారిలో పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాద్‌లోని పోషకాహార శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా దీని మీద పరిశోధించి 1960లో లాన్సెట్ పత్రికలో తమ వివరణ ప్రచురించారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువగా ఉండటం వల్ల ఒంట్లో నియాసిన్ తయారీ, వినియోగం దెబ్బతింటున్నాయన్నది వారి ప్రతిపాదన. ఈ వివరణ మీద శాస్త్రలోకంలో చాలా చర్చ జరిగింది. అందరూ ఒప్పుకున్న సంగతి మాత్రం ఒకటుంది. ఆ జబ్బు జొన్న తిన్న ప్రతివారికీ రాలేదు. జొన్న తప్ప మరేమీ దొరకని పేదలకు వచ్చింది. పప్పు, పాలు, ఆకుకూర, మాంసం అందుబాటులో ఉన్న ఇంట్లో అదే జొన్నరొట్టె బలమైన తిండి. తోడు లేని ఇంట్లో అదే రొట్టె రోగానికి దారి. దశాబ్దాలు గడిచి జనం తిండిలో రకాలు పెరిగేకొద్దీ పెల్లాగ్రా కనుమరుగైంది.

బెరిబెరికి బియ్యాన్ని, పెల్లాగ్రాకు జొన్నను నిందించి వదిలేస్తే మనం ఏమీ నేర్చుకోనట్టే. పేదరికం కంచాన్ని ఒకే గింజకు కుదించినప్పుడు ఏ గింజైనా ఒంటరిదైపోతుంది. ఒంటరి గింజ ఏ ఒక్క మనిషినీ పూర్తిగా పోషించలేదు.

అంకెల పక్కన అంకెలు

ఇప్పుడు నిత్యం తినే గింజలను పక్కపక్కన పెట్టి చూద్దాం. వంద గ్రాముల గింజ ఇచ్చే శక్తి విషయంలో వీటి మధ్య జనం అనుకునేంత తేడా లేదు. పాలిష్ బియ్యం సుమారు 356 కిలోకేలరీలు ఇస్తే సజ్జ 348, జొన్న 334, గోధుమ 322, రాగి 321 ఇస్తాయి. జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతుందని, సజ్జరొట్టె ఎంత తిన్నా ఫరవాలేదని అనుకునేవారు ఈ అంకెలను ఒకసారి గుర్తుంచుకోవాలి. అన్నం బదులు అంతే బరువు గింజ రొట్టెగా తింటే శక్తి లెక్కలో మిగిలేది కొద్దిపాటి తేడానే.

పీచు దగ్గర మాత్రం తేడా స్పష్టంగా ఉంది. పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాములకు లోపే. జొన్న, సజ్జ, రాగి, పొట్టు తీయని గోధుమల్లో అది పది నుంచి పదకొండు గ్రాముల దాకా ఉంటుంది. కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలవడానికి, మలబద్ధకం రాకుండా ఉండటానికి, పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు బతకడానికి ఈ పీచే ఆధారం. ముడి బియ్యం ఇందులో పెద్దగా గెలవదు. దానిలో పీచు నాలుగున్నర గ్రాముల దగ్గరే ఆగుతుంది. దాని బలమంతా బి విటమిన్లలో ఉంది.

సున్నం విషయానికి వస్తే రాగికి సాటి వచ్చే గింజ లేదు. రాయలసీమలో రాగులని, తెలంగాణలో తైదలని, ఉత్తరాంధ్రలో చోళ్లని పిలిచే ఈ గింజ వంద గ్రాముల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది ఎనిమిది మిల్లీగ్రాములు కూడా లేదు. జొన్న, సజ్జల్లో ముప్పైకి లోపే. యాభై గ్రాముల రాగి పిండితో చేసిన సంకటి ముద్దలో దాదాపు ముప్పావు గ్లాసు పాలలో ఉన్నంత కాల్షియం ఉందని చెప్పుకోవచ్చు. రాగిలోని ఫైటేట్లు, ఆక్జలేట్లు అనే పదార్థాల వల్ల అందులో కొంత ఒంటికి పట్టదు కాబట్టి పాలు మానేసి రాగి తాగితే చాలనుకోవడం పొరపాటు. అలాగే రాగిలో మాంసకృత్తులు ఏడు గ్రాములే. ఇది బియ్యంలో ఉన్న ఎనిమిది గ్రాముల కన్నా తక్కువన్న సంగతి చాలామందికి కొత్తగా తోస్తుంది. పసిబిడ్డకు రాగిజావ మంచిదే. దానితో పాలో, పప్పో, గుడ్డో కలవకపోతే బిడ్డ ఎదుగుదలకు అది చాలదు.

ఇనుములో సజ్జది పైచేయి. వంద గ్రాముల సజ్జలో 6.4 మిల్లీగ్రాములు, రాగిలో 4.6, జొన్న, గోధుమల్లో నాలుగు దాకా ఇనుము ఉంటే పాలిష్ బియ్యంలో 0.65 మాత్రమే. రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం వండుకుని తినే స్త్రీకి ఆ అన్నం నుంచి వచ్చే ఇనుము 2.6 మిల్లీగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన ప్రకారం ఆమెకు కావలసింది 29. మన ఇళ్లలో ఆడవారి అలసటకు మూలం ఎక్కడుందో ఈ రెండు అంకెల మధ్య దూరం చెబుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయిదేళ్లలోపు పసివారిలో తెలంగాణలో అది 70 శాతం. అన్నపూర్ణగా పేరు పొందిన నేల మీద ఇంతమంది తల్లులూ పిల్లలూ నెత్తురు లేక పాలిపోవడం మనందరినీ కలచివేయవలసిన విషయం.

అయితే సజ్జ తినగానే ఆ ఇనుమంతా నెత్తురులో చేరదు. గింజల్లోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. వాటిని వదిలించే విద్య మన వంటిళ్లలో ఎప్పటి నుంచో ఉంది. రాగులను నానబెట్టి, మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. రాత్రంతా పులిసిన అంబలిలోనూ అదే జరుగుతుంది. రొట్టెతో పాటు పుల్లని ఆకుకూరో, నిమ్మకాయ పిండిన పచ్చి ఉల్లిపాయో తింటే అందులోని సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనం ముగిసీ ముగియగానే టీ తాగితే ఆ మేలు పోతుంది. పులియబెట్టడం, మొలకెత్తించడం, పుల్లటి కూర జతచేయడం పెద్దవాళ్లకు అలవాటుగా వచ్చాయి. మనం మాత్రం గింజను తెచ్చుకుని అలవాటును వదిలేస్తున్నాం.

షుగర్ భయం, చపాతీ ధైర్యం

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగిన ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 15.3 శాతం పెద్దలు దాని అంచున ఉన్నారు. ఈ భయమే మన కంచంలో అన్నాన్ని ముద్దాయిని చేసింది.

అన్నం మీద మోపిన నేరంలో కొంత నిజం ఉంది. పీచు లేని తెల్లన్నం త్వరగా అరిగి రక్తంలో గ్లూకోజును త్వరగా పెంచుతుంది. ఈ వేగాన్ని కొలిచేదే గ్లైసీమిక్ ఇండెక్స్. అది 55కు లోపుంటే తక్కువ కిందికి వస్తుంది. ఇందులో బియ్యాలన్నీ ఒకటి కావు. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం జోడించి హైదరాబాద్‌లోని సీసీఎంబీ, భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మెరుగుపరచిన సాంబ మసూరిని రూపొందించారు. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందని తేలింది. తెలంగాణ సోనా కూడా ఇంచుమించు అదే స్థాయిలో ఉంది. ఇంకోపక్క, చిరుధాన్యమే అయినా మెత్తగా పిండి పట్టించి పలచగా కాచిన రాగిజావ గ్లూకోజును వేగంగానే పెంచగలదు. గింజ ఎంత మెత్తబడితే అంత తొందరగా అరుగుతుంది. నమిలి తినే సంకటికీ గటగటా తాగే జావకూ ఆ తేడా ఉంది.

చపాతీ కథ కూడా చూడాలి. పొట్టుతో పట్టించిన గోధుమ పిండిలో పీచు ఎక్కువ. అది నిజమైన మేలే. కానీ రాత్రిపూట చపాతీకి మారిన చాలామందికి షుగర్ అదుపులోకి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. చపాతీని లెక్కపెట్టి తింటాం. అన్నాన్ని లెక్క లేకుండా వడ్డించుకుంటాం. ఆ లెక్కను అన్నానికీ వర్తింపజేస్తే అన్నమూ కొంత దారికి వస్తుంది. చపాతీ తింటున్నామన్న ధైర్యంతో పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం మైదా బిస్కట్లు తినేవారికి గోధుమ ఏ మేలూ చేయలేదు. అవీ గోధుమ పిండివే, పొట్టు పోగొట్టుకున్న పిండివి.

ఇండియాబ్ సర్వే వివరాల ఆధారంగానే 2025లో వెలువడిన మరో అధ్యయనం ఈ చర్చను కొత్త మలుపు తిప్పింది. భారతీయుల రోజువారీ శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అది తేల్చింది. తెల్లబియ్యం స్థానంలో గోధుమ పిండినో చిరుధాన్యాల పిండినో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనబడలేదు. రోజువారీ శక్తిలో 5 శాతం మేర పిండిపదార్థాలను తగ్గించి, ఆ మేరకు పప్పులు, పాల వంటి వాటి మాంసకృత్తులను చేర్చుకున్నచోట ముప్పు తక్కువగా కనిపించింది. గింజను మార్చడం కన్నా గింజను తగ్గించి తోడును పెంచడం మేలన్నమాట. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే చెబుతున్నాయి. రోజుకు రెండు వేల కిలోకేలరీలు కావలసిన మనిషికి అన్ని గింజలూ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. గింజల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు. మన భోజనంలో చూస్తే పప్పు అన్నానికి రంగు పూసేంతే ఉంటోంది. కూర పక్కన నంజుకునేంతే మిగులుతోంది.

చిరుధాన్యానికీ పాలిష్ తెగులు

బియ్యానికి వందేళ్ల కిందట జరిగిన అన్యాయం ఇప్పుడు చిరుధాన్యాలకూ జరుగుతోంది. రాగి, జొన్న, సజ్జలకు పైన గట్టి ఊక ఉండదు. గింజను యథాతథంగా పిండి పట్టించుకోవచ్చు. కొర్ర, సామ, ఊద, వరిగ, అరికెలకు ఊక ఉంటుంది. దాన్ని తీయాలి. తీసేటప్పుడు ఊకతోనే ఆగకుండా తవుడు కూడా పోయేదాకా మరపట్టి, తెల్లగా మెరిసే కొర్ర బియ్యాన్ని అమ్ముతున్నారు. తెల్లగా ఉంటే త్వరగా ఉడుకుతుంది, ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది, కొనేవారి కంటికి శుభ్రంగా కనబడుతుంది. కానీ ఏ పీచు కోసం, ఏ ఖనిజాల కోసం ఎక్కువ ధర పెట్టి కొంటున్నామో అవే అందులో తగ్గిపోతున్నాయి. కొనేటప్పుడు గింజ లేత పసుపు, బూడిద ఛాయల్లో గరుకుగా ఉందా, ముత్యంలా తెల్లగా ఉందా అని చూసుకోవడం నేర్చుకోవాలి. ఎంత తవుడు మిగిల్చారో సంచి మీద రాయాలన్న నిబంధన కూడా రావాలి.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. దంపుడు బియ్యం, విసుర్రాయి పిండి రోజులను తలచుకుని మురిసిపోయేవారు ఆ రోకలి ఎవరి చేతుల్లో ఉందో కూడా తలచుకోవాలి. కొర్రలు దంచి, చెరిగి, మళ్లీ దంచి ఇంటిల్లిపాదికీ వండి పెట్టింది ఆడవాళ్లే. కోడికూతతో మొదలయ్యే ఆ చాకిరీ నుంచి మిల్లు వారిని విడిపించింది. వరి అన్నం ఊళ్లకు అంత వేగంగా పాకడానికి దాని రుచి, హోదాలతో పాటు ఈ విముక్తి కూడా కారణం. అందుకని మళ్లీ రోకలి పట్టమని ఏ ఇల్లాలినీ అడిగే హక్కు మనకు లేదు. ఊక మాత్రమే తీసి తవుడు మిగిల్చే చిన్న మరలు మండలానికి కొన్నైనా ఉండాలి. అవి ఊరి మహిళా సంఘాల చేతిలో ఉంటే పనీ వారిదే, ఆదాయమూ వారిదే అవుతుంది.

రేషన్ సంచిలో సగం వైద్యం

ఇంట్లో కంచం ఎలా ఉండాలో చాలావరకు నిర్ణయించేది రేషన్ దుకాణం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం లక్షల ఇళ్లలో ఆకలిని తరిమింది. ఆ ఉపకారాన్ని తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. 2025 ఉగాది నాటి నుంచి తెలంగాణ ప్రభుత్వం మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తోంది. పేదలు తినలేని దొడ్డుబియ్యం పక్కదారి పట్టే దుస్థితికి అది ఒక జవాబు. ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. గింజల అవసరంలో చాలాభాగం ఆ సంచితోనే తీరుతుంది. మరి 85 గ్రాముల పప్పు ఎక్కడి నుంచి రావాలి? కూలి చేసుకునే ఇంట్లో బియ్యానికి పెట్టనక్కరలేని డబ్బు పప్పుకూ పాలకూ మళ్లుతుందన్న ఆశ ఉంటుంది గానీ, చదువులు, మందులు, అప్పులు దాన్ని ముందే మింగేస్తాయి. కడుపు నిండుతుంది, ఒంటికి కావలసింది అందదు.

2013 జాతీయ ఆహార భద్రత చట్టంలోనే బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటు ఉంది. పొరుగున కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తోంది. ఒడిశా 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల కార్యక్రమంతో గిరిజన రైతుల నుంచి రాగులు కొని రేషన్‌కు అందించింది. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చి నుంచి బడిపిల్లలకు రాగిజావ ఇచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, ఊళ్లో పండిన జొన్నను ఊళ్లోనే పేదలకు పంచే ఏర్పాటును 1990లలోనే చేసి చూపించాయి. దారి కొత్తగా వెతకనక్కరలేదు. నడవాలన్న సంకల్పం కావాలి.

రైతు వైపు నుంచి కూడా చూడాలి. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు సాధారణ వడ్లకు 2,369 రూపాయలు, రాగులకు 4,886, జొన్నలకు 3,699. కాగితం మీద చిరుధాన్యానిదే మంచి ధర. అయినా రైతు వరి వైపే మొగ్గుతాడు. వడ్లకు ఊరి దగ్గర కొనుగోలు కేంద్రం ఉంది, దిగుబడి ఎక్కువ, కొంటారన్న నమ్మకం ఉంది. రేషన్‌కు, అంగన్‌వాడీలకు, వసతి గృహాలకు కావలసిన రాగులు, జొన్నలు ఏటా ఇంత కొంటామని ప్రభుత్వాలు ముందే చెప్పి, ఆ మేరకు కేంద్రాలు తెరిస్తేనే ఆ నమ్మకం చిరుధాన్యాలకూ వస్తుంది.

బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలను వందకు ఒకటి చొప్పున చేర్చే కార్యక్రమాన్ని 2024 మార్చి నాటికి ప్రభుత్వ పథకాలన్నింటికీ విస్తరించారు. రక్తహీనత ఇంత తీవ్రంగా ఉన్నచోట అదొక ఉపశమనం కావచ్చు. అయితే మిల్లులో తీసేసిన పోషకాలలో రెండు మూడింటిని కర్మాగారంలో తిరిగి కలపడంతో పని పూర్తయినట్టు భావించకూడదు. పాలిష్ తగ్గించడానికి అదనపు యంత్రాలేవీ అక్కరలేదు. ఉన్న యంత్రాన్ని కాస్త ముందుగా ఆపితే చాలు.

జొన్న సాలు పక్కన కంది సాలు

దక్కన్ మెట్టచేలల్లో జొన్న ఎప్పుడూ ఒంటరిగా పెరగలేదు. కొన్ని సాళ్ల జొన్న వేస్తే ఒక సాలు కంది వేసేవారు. మధ్యమధ్య పెసర, అలసంద చల్లేవారు. కంది వేళ్లు నేలకు నత్రజనిని ఇచ్చేవి. వాన తప్పి ఒకటి పోయినా మరొకటి ఆ ఇంటిని ఆదుకునేది. గింజల మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరత. పప్పుల్లో అది పుష్కలం. జొన్నరొట్టెలోకి పుంటికూర పప్పు, పెసరపప్పు పులగం, మినప్పప్పుతో పులిసిన ఇడ్లీ ఈ కొరతను తీర్చే జతలు. చేలో ఉన్న తోడే కంచంలోకీ వచ్చేది. చేను లేని కూలీ ఇంటికి మాత్రం జొన్న వచ్చింది గానీ కంది రాలేదు. పెల్లాగ్రా ఎవరిని పట్టిందో, ఎందుకు పట్టిందో ఆ తేడాలోనే ఉంది.

అందువల్ల అన్నం తినే ఇల్లు అపరాధభావంతో అన్నం మానేయనక్కరలేదు. పాలిష్ తక్కువ పట్టిన బియ్యం తెచ్చుకుని, గంజి పారబోయకుండా అత్తెసరు పెట్టి, కంచంలో అన్నాన్ని నాలుగో వంతు తగ్గించి ఆ చోటును పప్పుకూ కూరకూ ఇవ్వాలి. వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టె, రాగి సంకటి, సజ్జరొట్టె వంతులవారీగా రావాలి. ఒకే చిరుధాన్యాన్ని మందులా పట్టుకుని వేలాడకూడదు. మధుమేహానికి మందులు వాడేవారు కొర్రల మాట విని మందు మానేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. ఇవన్నీ కొనగలిగిన ఇళ్లు చేసుకోగల మార్పులు.

కొనలేని ఇంటి కోసం పట్టుబట్టవలసినవాళ్లం మనమే. నలభై ఏళ్ల కిందట మన ప్రభుత్వాలు ఆకలిని తరమడానికి బియ్యం సంచిని ఊరూరికీ చేర్చగలిగాయి. అదే దుకాణంలో, అదే తూకం మీద కందిపప్పు, ఆ ప్రాంతంలో పండే రాగో జొన్నో కూడా ప్రతి నెలా తప్పకుండా రావాలి. జొన్న ఉన్నా కంది దక్కని ఆనాటి కూలీ ఇంటికి ఇంతకాలానికైనా ఆ రెండో సాలు చేరుతుంది.